బావి దగ్గర చదువుకున్న ఫాదర్

మద్నూర్ బస్టాండులో ఓ పావుగంట నిలబడితే చాలు... మూడు భాషలు చెవిన పడతాయి. దెగ్లూర్ బస్సు కోసం చూస్తున్న పెద్దాయన మరాఠీలో పలకరిస్తాడు. పత్తి బేరం చేస్తున్న వ్యాపారి తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తాడు. ఆ పక్కనే ఓ కుటుంబం కన్నడంలో మాట్లాడుకుంటూ ఉంటుంది. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మార్చినప్పుడు బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా నుంచి విడిపోయి ఇటు కలిశాయి. గీత మారింది కానీ మాట మారలేదు. ఇక్కడి పిల్లలకు ఈ భాషల్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అంగట్లో, పొలంగట్టున, పెళ్లిపందిట్లో వాటంతటవే వచ్చేస్తాయి.

మరి, వీటిలో ఒక్క ముక్కా రాని ముప్ఫయ్యేళ్ల పరాయిదేశపు మనిషిని తెచ్చి ఇలాంటి చోట నిలబెడితే? తెలిసిన ముఖం ఒక్కటీ ఉండదు. తిండి కొత్త, ఎండ కొత్త. చేయాల్సిన పనేమో మాటలతోనే! మిషనరీగా దేశం దాటే ప్రతి యువకుడికీ, యువతికీ మొదటిరోజు ఇలాగే ఉంటుంది.

ఇలా వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మదర్ థెరిసా తన సంస్థకు భారతదేశం బయట మొట్టమొదటి ఇల్లు తెరిచింది ఎక్కడో తెలుసా? స్పానిష్ మాట్లాడే వెనెజులా దేశంలో, కొకొరొతె అనే చిన్న ఊళ్లో. అది 1965. కలకత్తా వీధుల్లో పనిచేసిన సిస్టర్లు సముద్రాలు దాటి, అక్కడి పేదల గడప తొక్కడానికి స్పానిష్‌లో ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. సరిగ్గా దానికి ఎదురుదారిలో, అంతకు 13 ఏళ్ల ముందే, స్పానిష్ మాట్లాడే ఓ యువకుడు ఇటు వచ్చాడు. ఆయన మొదట పనిచేసిన ఊరు కామారెడ్డి, నిజామాబాద్ జనానికి బాగా తెలిసిందే... మన్మాడ్!

ఒకే పట్టాల మీద...

హైదరాబాద్ నుంచి కామారెడ్డి, డిచ్‌పల్లి, నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా సాగే రైలుమార్గం 1900 ప్రాంతంలో నిజాం కాలంలో పడింది. షిరిడీ యాత్రకు బయల్దేరిన కుటుంబాలు ఏళ్లతరబడి దిగింది మన్మాడ్ స్టేషన్‌లోనే. తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద మూటలు సర్దుకుని, పిల్లల్ని లేపి, జీపు కోసం వెతుక్కున్న జ్ఞాపకం ఇక్కడి చాలా ఇళ్లలో ఉంటుంది.

ఆ పట్టాల మీద మిషనరీల కథలు ఒకటి కాదు, రెండున్నాయి. మొదటిది డిచ్‌పల్లిది. స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు. కుష్ఠు రోగుల్ని ఊరవతలకు తరిమేసే రోజులవి. వాళ్లకోసం ఓ ఆసుపత్రి కావాలనుకున్నారు. అందుకు పెద్ద మొత్తం ఇచ్చిన దాత చర్చి మనిషి కాదు... ఈ ప్రాంతపు హిందూ వ్యాపారి రాజా నర్సాగౌడ్. 1915లో డిచ్‌పల్లిలో వైద్యం మొదలైంది. చాల్మూగ్రా నూనె ఇంజెక్షన్లు తప్ప వేరే మందు లేని కాలంలో, నొప్పికి ఓర్చుకుంటూ వందలమంది ఆ గడప తొక్కారు. వచ్చిన డాక్టరు ఏ మతమని రోగి చూడలేదు. కట్టిస్తున్నవాళ్లు ఏ మతమని దాతా చూడలేదు.

రెండో కథ ఆ పట్టాల చివర మొదలవుతుంది.

యుద్ధం నుంచి మఠానికి

ఆయన పేరు విసెంతె ఫెర్రర్. మనవాళ్ల నోట విన్సెంట్ ఫెర్రర్. 1920 ఏప్రిల్ 9న స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. పదహారేళ్ల వయసులో ఆ దేశంలో అంతర్యుద్ధం రేగింది. కాలేజీ మెట్లెక్కాల్సిన కుర్రాడు తుపాకీ పట్టాల్సి వచ్చింది. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన భీకర యుద్ధంలో ఆయనా ఉన్నారు. తమ పక్షం ఓడిపోయాక, వేలాదిమందితో పాటు సరిహద్దు దాటి ఫ్రాన్స్ చేరారు. అక్కడ సముద్రపు ఒడ్డున, ఇసుకలో ముళ్లకంచె మధ్య బందీల శిబిరం. తిరిగి స్పెయిన్ వచ్చాక మళ్లీ నిర్బంధమే.

ఆ యువకుడు లా చదవడం మొదలుపెట్టి, అదీ మధ్యలో వదిలేసి 1944లో యేసు సభలో, అంటే జెస్యూట్ సంఘంలో చేరారు. మనుషులు ఒకరినొకరు చంపుకోవడం కళ్లారా చూశాక, మనుషులకు పనికొచ్చేలా బతకాలన్న తపనే ఆయన్ని అటు నడిపించింది. 1952లో ఓడ దిగి బొంబాయిలో కాలుపెట్టేనాటికి ఆయనకు ముప్ఫయ్యేళ్లు దాటాయి... ఇంచుమించు కెర్ దొరసాని వచ్చిన వయసే!

బొంబాయి ప్రాంతానికి స్పెయిన్ జెస్యూట్లు రావడం అదేమీ కొత్త కాదు. 1922లో వచ్చిన ఫాదర్ హెన్రీ హేరాస్ అక్కడి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పారు. విజయనగరాన్ని చివర్లో ఏలిన ఆరవీటి వంశం మీద 1927లో ఇంగ్లిష్‌లో పెద్ద గ్రంథం వెలువరించిందీ ఆయనే. తళ్లికోట యుద్ధం తర్వాతి మన రాజుల కథను ఓ స్పెయిన్ పాద్రీ తవ్వి తీశాడన్నమాట. ఆయన తవ్వింది చరిత్రను. ఫెర్రర్‌కు రాసిపెట్టి ఉన్నది నేల.

గంట కొడితే లేవాలి

ఆ రోజుల్లో యువ జెస్యూట్ దినచర్య సైనికుడి జీవితానికి తీసిపోదు. తెల్లవారకముందే గంట మోగుతుంది. లేచి మౌనంగా ధ్యానం. తర్వాత పూజ... అదీ లాటిన్‌లో. 1960ల్లో రోమ్ నుంచి అనుమతి వచ్చేదాకా దాదాపు అన్ని దేశాల్లో కేథలిక్ పూజ లాటిన్‌లోనే సాగేది. అంటే ప్రార్థన ఒక భాషలో, అమ్మకు ఉత్తరం మరో భాషలో, పైవాళ్లతో మాట ఇంగ్లిష్‌లో, ఊళ్లో జనంతో మరాఠీలో. మద్నూర్ పిల్లాడికి ఇది వింతేం కాదు. బార్సిలోనా నుంచి వచ్చినవాడికి మాత్రం ప్రతి పూటా పరీక్షే.

పగలంతా చదువు, పని. మధ్యాహ్నం ఒకసారి, పడుకునేముందు ఒకసారి ఆత్మపరిశీలన. ‘ఈ రోజు ఏం చేశాను? ఎక్కడ తప్పాను?’ అని తనను తానే నిలదీసుకోవాలి. సొంత ఆస్తి ఉండకూడదు, పెళ్లి ఉండకూడదు, పైవారి మాట జవదాటకూడదు. ఇవే మూడు వ్రతాలు. మూడోదే అన్నిటికన్నా కష్టమని ఆ తర్వాత ఆయన జీవితమే చెప్పింది.

ఇంటికి ఫోన్ లేదు. ఉత్తరం రాస్తే జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు. పండగ వస్తే గుర్తొచ్చేది ఇల్లే. ఆలివ్ నూనె, గోధుమ రొట్టెల దేశం నుంచి వచ్చినవాళ్లకు నాసిక్ జిల్లా పల్లెల్లో ఎదురయ్యేది సజ్జరొట్టె, మిరపకాయ కారం.

నోరు తిరగని మాట

ఇక భాష సంగతి. స్పానిష్‌లో ట, త అని రెండు లేవు. ఉన్నదల్లా త. ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తులు అసలే లేవు. ‘వ’ రాసినా ‘బ’ పలుకుతారు. రాతలో ‘హెచ్’ అక్షరం ఉన్నా నోటితో పలకరు. అంతెందుకు, ఫెర్రర్ పేరునే స్పెయిన్‌లో చాలాచోట్ల ‘బిథెంతె’ అన్నట్టు పలుకుతారు!

బావిని మరాఠీలో ‘విహీర్’ అంటారు. సరిహద్దు ఊళ్లలో అందరికీ తెలిసిన మాటే. ఆ ఒక్క మాటలో వ ఉంది, హ ఉంది... స్పెయిన్ నాలుకకు రెండూ చిక్కే. ఆ చిక్కుమాటే ఫెర్రర్ జీవితానికి ఇరుసు అయింది.

అయితే అన్నీ కొత్త మాటలే కాదు. పోర్చుగీసువాళ్లు ఎప్పుడో పడమటి తీరంలో దింపిపోయిన సరుకు కొంత ఇక్కడే ఉంది. జీతాన్ని మరాఠీలో ‘పగార్’ అంటారు. మన తెలంగాణ పల్లెల్లోనూ అదే మాట. స్పానిష్‌లో ‘పగార్’ అంటే చెల్లించడం. మన అల్మారా అక్కడ ‘అర్మారియో’. మనం పాద్రీ అనేది అక్కడి ‘పాద్రె’... అంటే తండ్రి. పోర్చుగీసు, స్పానిష్ అక్కాచెల్లెళ్లు కాబట్టి, పరాయి అంగట్లో సొంతింటి సామాను కనిపించినట్టే ఉంటుంది ఆ దేశంవాళ్లకు.

బైబిలు కన్నా ముందు బావి

మన్మాడ్ పెద్ద రైల్వే జంక్షనే కానీ, చుట్టూ ఉన్నది కరువు నేల. వాన పడితే ఒక్క పంట. పడకపోతే అప్పు. అప్పు తీరకపోతే పొలం షావుకారు చేతికి పోతుంది. మద్నూర్, జుక్కల్ రైతులకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రార్థనలు చేయించడానికి వచ్చిన యువ గురువు ఆ పల్లెల్లో తిరిగేకొద్దీ ఒకటే మాట వినిపించింది... నీళ్లు. కింద నీరుంది, మధ్యలో నల్లరాయి ఉంది. దాన్ని పగలగొట్టి దిగాలంటే నెలల తరబడి కూలి పని మానుకుని తవ్వాలి. అన్ని నెలలు ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? ముడి అక్కడుంది. ఫెర్రర్ ఆ ముడి విప్పారు. ‘నీ పొలంలో నువ్వు బావి తవ్వుకో. తవ్వినన్నాళ్లూ నీ ఇంటికి గోధుమలు, నూనె నేనిస్తా’ అన్నది ఆయన పద్ధతి. దానం కాదు. తవ్వేది రైతే, బావీ రైతుదే. మధ్యలో ఆకలి అడ్డుపడకుండా చూడటమొక్కటే ఈయన పని.

నీళ్లు పడ్డాక మోట కట్టారు. మోట అన్న మాట తెలుగులోనూ, మరాఠీలోనూ ఒకటే. ఒక్క పంట రెండు పంటలైంది. ఒక రైతును చూసి ఇంకో రైతు వచ్చాడు. అప్పులవాడి గుమ్మం తొక్కేవాళ్లు తగ్గారు. ఊళ్లో ఎవరు ఎవరికి లొంగి ఉండాలన్న పాత లెక్క కదిలింది. సరిగ్గా అక్కడే గొడవ మొదలైంది.

వెళ్లిపోమన్నారు!

ఆ కాలంలో విదేశీ మిషనరీలంటే దేశంలో అనుమానం గట్టిగా ఉండేది. మిషనరీల కార్యకలాపాల మీద మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన నియోగి కమిటీ 1956లో ఘాటైన నివేదికే ఇచ్చింది. పాద్రీ బావి తవ్విస్తున్నాడంటే దాని వెనుక మతం ఉండే ఉంటుందన్నది కొందరి భయం. పేద రైతు నిటారుగా నిలబడితే తమ మాట చెల్లదన్నది మరికొందరి భయం. రెండూ కలిసి 1960ల చివర్లో ఫెర్రర్ మెడకు చుట్టుకున్నాయి. దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు కదిలింది చర్చి కాదు... రైతులు. మన్మాడ్ నుంచి బొంబాయి దాకా, 250 కిలోమీటర్ల దారిలో వేలమంది పాదయాత్ర చేశారు. 30 వేలకు పైనే అని ఆయన జీవితకథల్లో కనిపించే లెక్క. వాళ్లలో ఎక్కువమంది ఆయన మతంవాళ్లు కారు. అయినా ‘మా ఫాదర్ మాకు కావాలి’ అన్నారు.

విషయం ప్రధాని ఇందిరాగాంధీ దాకా వెళ్లింది. కొన్నాళ్లు బయటకు వెళ్లి, మళ్లీ రావచ్చన్న మధ్యేమార్గం దొరికింది. 1968లో ఫెర్రర్ స్పెయిన్ వెళ్లారు. తిరిగి వచ్చేందుకు దారి దొరికింది కానీ, మహారాష్ట్రకు కాదు. పదేళ్లు కష్టపడి నేర్చుకున్న ఊరు, భాష, మనుషులు అక్కడే ఉండిపోయారు. నలభై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ మొదటిరోజు!

మళ్లీ అ ఆ లు

1969లో ఆయన అడుగుపెట్టింది అనంతపురంలో. రాజస్థాన్ ఎడారి జిల్లా జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడేది ఇక్కడేనని పెద్దలు అంటుంటారు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూనే. దిగిన ఇంట్లో గోడ మీద ‘అద్భుతం కోసం ఎదురుచూడు’ అన్న అర్థం వచ్చే రాత ఒకటి కనిపించిందని ఆయనే తర్వాతి రోజుల్లో చెప్పేవారు. ఎదురుచూడటం ఆయన వల్ల అయ్యే పని కాదు. వచ్చిన ఏడాదే గ్రామీణాభివృద్ధి సంస్థ పేరిట పని మొదలైంది. జనం దాన్ని ఆర్డీటీ అనే పిలుస్తారు. మళ్లీ అదే పాఠం... ముందు నీళ్లు. కాకపోతే అక్కడ నల్లరాయి, ఇక్కడ గ్రానైట్. అక్కడ విహీర్, ఇక్కడ బావి.

ఆ మరుసటి ఏడాదే ఆయన జీవితంలోకెల్లా కష్టమైన నిర్ణయం. పాతికేళ్లకు పైగా తాను బతికిన జెస్యూట్ సంఘం నుంచి 1970లో బయటకు వచ్చారు. పైవారి మాట, పల్లె అవసరం చెరోవైపు లాగినప్పుడు ఆయన పల్లెవైపు నిలిచారు. మన్మాడ్ గొడవ రోజుల్లో విలేకరిగా ఆయన్ని కలిసిన ఇంగ్లండ్ యువతి ఆన్ పెర్రీని అదే ఏడాది పెళ్లి చేసుకున్నారు. తెల్లని అంగీ పోయింది, గురువు పదవి పోయింది. జనం నోట ‘ఫాదర్’ అన్న పిలుపు మాత్రం పోలేదు.

తర్వాతి కథ అనంతపురం జిల్లాకు తెలిసిందే. పల్లెల్లో బడులు, పేదలకు పక్కా ఇళ్లు, వికలాంగుల చదువులు, 2000లో బత్తలపల్లి ఆసుపత్రి. ఆన్ ఫెర్రర్ ఊరివాళ్లతో తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ల పిల్లలు ఇక్కడే పెరిగారు. స్పెయిన్‌లో వేల కుటుంబాలు ఈ జిల్లాలో ఒక్కో బిడ్డ చదువుకు సాయం పంపాయి. ఆ పిల్లలు ఇక్కడి నుంచి బొమ్మలు గీసి, ఉత్తరాలు రాసి పంపేవారు. ఒకప్పుడు బార్సిలోనా కుర్రాడు అమ్మ ఉత్తరం కోసం బొంబాయిలో ఎదురుచూసినట్టే, ఇప్పుడు బార్సిలోనాలో ఎవరో అమ్మ అనంతపురం ఉత్తరం కోసం ఎదురుచూసింది.

1998లో స్పెయిన్ ఆయనకు ప్రతిష్ఠాత్మకమైన ప్రిన్స్ ఆఫ్ అస్తూరియాస్ పురస్కారం ఇచ్చింది. 2009 జూన్ 19న, 89 ఏళ్ల వయసులో ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు. బార్సిలోనాకు తీసుకువెళ్లలేదు. బత్తలపల్లి మట్టిలోనే పూడ్చారు. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు అనంతపురం జిల్లా జనం రోడ్ల మీదికి వచ్చారు. ఆనాటి మన్మాడ్ రైతుల నడక తెలిసినవాళ్లకు అది కొత్తగా అనిపించి ఉండదు.

ఎవరు ఎవరికి నేర్పారు?

మిషనరీ అనగానే ఏదో నేర్పడానికి వచ్చినవాడే అనుకుంటాం. వచ్చేటప్పుడు వాళ్లూ అలాగే అనుకుంటారేమో. కానీ కెర్ దొరసాని ఆసుపత్రి నిలబడింది నర్సాగౌడ్ చేయూతతో. ఫెర్రర్‌కు ఈ దేశంలో చోటు నిలబడింది రైతుల నడకతో. ఇచ్చినదానికన్నా ముందు వాళ్లు ఇక్కడ పుచ్చుకున్నది ఒకటుంది. భాష! భాష అంటే వ్యాకరణం కాదు... ఎదుటివాడికి నిజంగా ఏం కావాలో అర్థం కావడం. ఫెర్రర్‌కు ‘విహీర్’ అన్న మాట నోరు తిరగడానికి ఎన్ని రోజులు పట్టిందో కానీ, దాని అర్థం మాత్రం జీవితాంతం ఆయన్ని వదల్లేదు.

ఈసారి షిరిడీ వెళ్లేటప్పుడు రైలు మన్మాడ్‌లో ఆగితే, పిల్లలకు ఆ ఊరి గురించి చెప్పడానికి ఇంకో కథ ఉంది. స్టేషన్ దాటాక కిటికీలోంచి చూస్తే పొలాల మధ్య బావులు కనిపిస్తాయి. వాటిలో ఏది ఎవరు తవ్వించారో ఎవరూ రాసిపెట్టలేదు. నీళ్లు తోడుకునే రైతుకు దాంతో పనీ లేదు.